గేటు ఒకటి – క్లెయిములు మూడు
(విద్యుత్, యంత్ర, కంప్యూటరు శాఖలలో పేటెంటు వృత్తి)

"ఏమండీ, మీరు చదివింది ఎలక్ట్రికల్ గదా! మరి మెకానికల్ వాళ్ళ యంత్రాలకూ, కంప్యూటరు వాళ్ళ ప్రోగ్రాములకూ పేటెంట్లు ఎట్లా వ్రాస్తారు?" అని మన కళాశాల విద్యార్థులు నన్ను తరచు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. వైద్యుల్లో కంటికొకరు, గుండెకొకరు ఉన్నట్లు ఈ వృత్తిలోనూ శాఖకొకరు ఉండాలని వారి అభిప్రాయం. పెద్ద పెద్ద సంస్థల్లో కొంతవరకు అట్లాగే ఉంటారు కూడా. కాని మనవంటి నగరంలో చిన్న కార్యాలయం నడుపుకునే పేటెంటు ఏజెంటు ముందుకు ఉదయం ఒక నీటిపంపు వస్తుంది, మధ్యాహ్నం ఒక సర్క్యూటు వస్తుంది, సాయంత్రానికి ఒక ప్రోగ్రాము వస్తుంది. మూడింటికీ అతడు వేసే ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఇంతకు ముందున్న దానికీ, నీవు తెచ్చిన దానికీ తేడా ఏమిటి? ఆ తేడా వల్ల ఏ పని జరుగుతున్నది?"

ఈ ప్రశ్నకు సమాధానం రాబట్టి, దాన్ని ఒక్క వాక్యంలో గీత గీసినట్లు వ్రాయడమే మా వృత్తి. ఆ వాక్యాన్ని క్లెయిము అంటారు. మూడు శాఖలలో ఈ క్లెయిము ఎట్లా మారుతుందో, ఎక్కడ చట్టం అడ్డు చెబుతుందో, మీ ప్రాజెక్టు చేతిలో ఉన్నప్పుడు ఏ జాగ్రత్త పడాలో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను. ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. నేను నివసించే చోటికి దగ్గరలోనే ఉన్న హిమాయత్ సాగర్ గేటునే తీసుకుందాం.

1. ముందుగా, పేటెంటు అంటే ఏమిటి?

పేటెంటు అంటే ప్రభుత్వం ఇచ్చే బహుమతి అని చాలామంది అనుకుంటారు. అది బహుమతి కాదు, బేరం. ఆవిష్కర్త తన రహస్యాన్ని దాచుకోకుండా, ఆ శాఖలో నేర్పున్న మరొకడు చదివి తయారు చేసుకోగలిగేటంత వివరంగా లోకానికి వ్రాసి ఇవ్వాలి. అందుకు ప్రతిగా ప్రభుత్వం, దాఖలు చేసిన నాటి నుంచి 20 సంవత్సరాల పాటు, ఇతరులు తన అనుమతి లేకుండా దాన్ని తయారు చేయకుండా, అమ్మకుండా, వాడకుండా అడ్డుకునే హక్కు ఇస్తుంది. గడువు తీరాక అది అందరి సొత్తు.

మన దేశంలో ఈ బేరం 1856లో మొదలైంది. ఆ సంవత్సరం కలకత్తాలో జార్జి ఆల్ఫ్రెడ్ డిపెనింగ్ అనే ఇంజనీరు, పంకాలు లాగే యంత్రానికి దరఖాస్తు పెట్టాడు. మన దేశపు తొలి పేటెంటు దరఖాస్తు అదే. నేడు మనకు వర్తించేది 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది. 2002లోను, 2005లోను దీనికి ముఖ్యమైన సవరణలు జరిగాయి.

ఈ చట్టం ప్రకారం ఆవిష్కరణకు మూడు పరీక్షలు ఉన్నాయి. మొదటిది కొత్తదనం: ప్రపంచంలో ఎక్కడా ముందుగా ప్రకటితమై ఉండరాదు. రెండవది ఇన్వెంటివ్ స్టెప్పు: ఆ శాఖలో పనితెలిసినవాడికి వెంటనే తట్టే మార్పు కారాదు. మూడవది పారిశ్రామిక ఉపయోగం. వీటికి తోడు, 3వ సెక్షనులో "ఇవి ఆవిష్కరణలు కావు" అనే జాబితా ఒకటున్నది. మూడు శాఖల వారికీ ఆ జాబితాలో తలా ఒక గుంట తవ్వి ఉన్నది. ఎవరి గుంట ఎక్కడున్నదో వరుసగా చూద్దాం.

2. హిమాయత్ సాగర్: మన ప్రయోగశాల

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్నది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. వారి పూర్వీకుల ఊరు మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమే. నగరానికి ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలన్నది వారి సూచన. దాని ఫలితంగా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ నది మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. హిమాయత్ సాగర్ నిండు మట్టం 1763.5 అడుగులు, గేట్లు 17.

ఇక్కడ మన పాఠానికి పనికివచ్చే సంగతి మరొకటున్నది. విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు రాకముందే పేటెంటు పొందిన ఇంజనీరు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయంలో 1903లో మొదటగా అమర్చిన స్వయంచాలక వరద గేట్లు వారి ఆవిష్కరణే. అలుగు మీది నుంచి ఏటా వృథాగా పొర్లిపోయే నీటిని ఆనకట్ట ఎత్తు పెంచకుండా నిలపడం వాటి ఉద్దేశం. మట్టం హద్దు దాటితే నీటి బలంతోనే గేట్లు లేస్తాయి, తగ్గితే వాటంతట అవే మూసుకుంటాయి. తరువాత గ్వాలియరు దగ్గరి తిగ్రా ఆనకట్టలోను, మైసూరు కృష్ణరాజసాగరంలోను ఈ పద్ధతినే వాడారు. ప్రభుత్వోద్యోగిగా ఉండి చేసిన పని కనుక వారు దాని మీద రాయల్టీ పుచ్చుకోలేదు. పేటెంటు పొందడం ఒక సంగతి, దాని మీద డబ్బు తీసుకోవడం మరొక సంగతి అని దీనివల్ల తెలుసుకోవాలి. హక్కు చేతిలో ఉన్నవాడే దాన్ని వదులుకోగలడు.

హిమాయత్ సాగర్‌లో ఉన్నవి ఆ స్వయంచాలక గేట్లని నేను అనడం లేదు. "నీరు హద్దు దాటబోతే గేటు లేవాలి" అనే ఒకే అవసరాన్ని మూడు శాఖల ఇంజనీర్లు మూడు విధాలుగా తీర్చారనుకుందాం. ముగ్గురూ నా కార్యాలయానికి వచ్చారనుకుందాం. దిగువ వ్రాసే క్లెయిములన్నీ పాఠం కోసం నేను కల్పించినవే.

3. మొదటి ఇంజనీరు: యంత్రశాఖ

ఇతడు తెచ్చింది గొలుసు, ప్రతిభారం, తొట్టి. మాటలు విని నేను ఇట్లా వ్రాస్తాను: "జలాశయపు గేటు, ఆ గేటుకు గొలుసు ద్వారా కలిపిన ప్రతిభారం, నీరు నిండు మట్టం దాటినప్పుడు మాత్రమే నిండే తొట్టి, ఆ తొట్టి నిండినప్పుడు ప్రతిభారం దిగి గేటు లేచేటట్లు, ఖాళీ అయినప్పుడు గేటు దిగేటట్లు చేసిన అమరిక."

యంత్రశాఖలో ఉన్న సౌకర్యం ఏమంటే, వస్తువు కంటికి కనబడుతుంది. ఏ భాగం దేనికి తగిలి ఉన్నదో, ఏది కదిలితే ఏది కదులుతుందో చెబితే చాలు. చిక్కు కూడా అక్కడే ఉన్నది. కంటికి కనబడేదంతా వ్రాసెయ్యాలనిపిస్తుంది. "ఇనుప గొలుసు" అని వ్రాశామనుకోండి, పొరుగువాడు ఉక్కు తాడు వేసి "నాది వేరు" అంటాడు. కాబట్టి పనికి అవసరమైనది ఉంచి, అవసరం లేనిది తీసివేయడం నేర్చుకోవాలి.

ఇందుకు రైట్ సోదరుల పేటెంటు చక్కని ఉదాహరణ. శంషాబాదు విమానాశ్రయంలో 2008 మార్చి నుంచి దిగుతున్న విమానాలు మా ఇంటి మీదుగా పోతుంటే నాకది గుర్తుకు వస్తుంటుంది. 1903లో ఆ సోదరులు తామే వ్రాసి పెట్టుకున్న దరఖాస్తును అమెరికా పేటెంటు కార్యాలయం అంగీకరించలేదు. తరువాత వారు హ్యారీ టూల్మిన్ అనే న్యాయవాదిని ఆశ్రయించారు. 1906లో మంజూరైన ఆ పేటెంటులో ఇంజను ప్రసక్తే లేదు! గాలిలో యంత్రం పక్కకు ఒరగకుండా రెక్కల అంచుల కోణాలను ఎడమవైపు ఒక రకంగా, కుడివైపు మరొక రకంగా మార్చి సమతూకం నిలపడమే అందులోని సారం. గ్లెన్ కర్టిస్ అనే పోటీదారు రెక్కను మెలిపెట్టకుండా, విడి పలకలు అమర్చి అదే పని సాధించాడు. అయినా 1914లో అమెరికా అప్పీలు కోర్టు అది రైట్ సోదరుల పేటెంటు పరిధిలోకే వస్తుందన్నది. క్లెయిము భాగాల పేర్ల మీద కాక, అవి చేసే పని మీద నిలబడితే ఎంత బలంగా ఉంటుందో చూడండి. అయితే ఈ కథకు రెండవ వైపు కూడా ఉన్నది. తగాదాలు ముదిరి విమానాల తయారీకే అడ్డం వచ్చే పరిస్థితి రాగా, 1917లో అక్కడి తయారీదారులు పేటెంట్లన్నింటినీ ఒక ఉమ్మడి సంఘంలో చేర్చి రాజీపడవలసి వచ్చింది.

యంత్రశాఖవారి గుంట 3వ సెక్షను 'ఎఫ్' క్లాజులో ఉన్నది. తెలిసిన పరికరాలను పక్కపక్కన చేర్చి, ఒక్కొక్కటి తన పాత పనే విడిగా చేసుకుంటూ ఉంటే అది ఆవిష్కరణ కాదు. గేటుకు గడియారం తగిలించినంత మాత్రాన పేటెంటు రాదు. ఇదే విషయంలో మన సుప్రీంకోర్టు 1978 డిసెంబరులో బిశ్వనాథ్ ప్రసాద్ కేసులో ఇచ్చిన తీర్పు ప్రతి విద్యార్థీ చదవదగినది. ఇత్తడి పాత్రలను తరిణె పట్టేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే సాధనం మీద వచ్చిన తగాదా అది. పాత సాధనానికి చేసిన ఆ మార్పు పనిముట్ల షెడ్డులో ఏ మంచి పనివాడైనా చేసుకోగల మెరుగుదలే తప్ప ఆవిష్కరణ కాదని కోర్టు నిర్ణయించింది. పేటెంటు కాగితం చేతికి వచ్చినంత మాత్రాన అది కోర్టులో నిలబడుతుందనే పూచీ లేదని కూడా ఆ తీర్పు చెప్పింది.

4. రెండవ ఇంజనీరు: విద్యుత్‌శాఖ

ఇతడు మోటారు పెట్టి గేటు ఎత్తిస్తాడు. మోటారుతో గేటు ఎత్తడం పాత సంగతే కనుక అది మాత్రమే అయితే నేను వద్దంటాను. "మరి నీ కొత్తదనం ఏమిటి?" అని రెండు మూడు సార్లు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. వరదలో కొట్టుకు వచ్చిన దుంగ గేటుకు అడ్డం పడితే మోటారు ఎక్కువ కరెంటు లాగి కాలిపోతుంది. గేటు మీద నీటి ఒత్తిడి పెరిగినా కరెంటు పెరుగుతుంది. మొదటి సందర్భంలో మోటారును ఆపాలి, రెండవ సందర్భంలో ఆపకూడదు. ఆపితే వరద రాత్రి గేటు లేవక ప్రమాదం. కరెంటు పెరగడంతో పాటు గేటు కదులుతున్నదా లేదా అన్నది కూడా చూసి ఈ రెంటినీ వేరుచేసే సర్క్యూటు ఇతడు చేశాడు.

అప్పుడు క్లెయిము ఇట్లా వస్తుంది: "మోటారు తీసుకునే కరెంటును కొలిచే సాధనం, గేటు కదలికను తెలిపే సెన్సారు, ఈ రెండు సంకేతాలనూ అందుకుని, కరెంటు హద్దు మించి ఉండి గేటు నిర్ణీత సమయంలో కదలనప్పుడు మాత్రమే మోటారును ఆపే కంట్రోలు సాధనం." ఇందులో మోటారు పాతది, సెన్సారు పాతది, రిలే పాతది. కొత్తది వాటి మధ్య ఉన్న సంబంధం. విద్యుత్‌శాఖలో ఆవిష్కరణ చాలాసార్లు భాగాలలో ఉండదు. ఏ సంకేతం ఎక్కడినుంచి ఎక్కడికి, ఏ షరతు మీద పోతున్నది అనే దానిలో ఉంటుంది. అందువల్ల సర్క్యూటు పటం చూసి మురిసిపోక, ఆ పటాన్ని మరొక పది విధాలుగా ఎట్లా గీయవచ్చో ఆలోచించాలి. నేడు రిలేతో చేసినది రేపు చిన్న చిప్పుతో చేస్తారు. రెండూ వివరణలో వ్రాసి ఉంటేనే "కంట్రోలు సాధనం" అనే విశాలమైన మాటకు ఆధారం ఉంటుంది. వివరణలో లేని విస్తీర్ణాన్ని క్లెయిములో కోరడానికి 10వ సెక్షను ఒప్పుకోదు. దాఖలు చేసిన తరువాత కొత్త విషయం చేర్చడానికి 59వ సెక్షను ఒప్పుకోదు. అంటే మొదటి రోజు వ్రాసినంత మేరకే మన పొలం.

మన దేశపు శాస్త్రజ్ఞుడు జగదీశ్ చంద్ర బోస్ గారికి పేటెంట్ల మీద ఇష్టం లేదు. మిత్రుల ఒత్తిడి వల్ల 1901లో అమెరికాలో దాఖలై 1904లో మంజూరైన వారి పేటెంటు, విద్యుత్ తరంగాలను గుర్తించే స్ఫటికపు సాధనానికి సంబంధించినది. అర్ధవాహక పరికరానికి దక్కిన తొలి పేటెంట్లలో దాన్ని లెక్కిస్తారు. ఇష్టం లేనివారి ఘనత కూడా నేడు తేదీతో సహా నిలిచి ఉన్నదంటే ఆ కాగితం వల్లనే.

5. మూడవ ఇంజనీరు: కంప్యూటరు శాఖ

మూడవ మిత్రుడు చేతిలో ల్యాప్‌టాపుతో వస్తాడు. ఈసీ ఎగువన ఏ ఊళ్ళో ఎంత వాన పడిందో తెలుసుకుని, జలాశయానికి ఎంత నీరు ఎన్ని గంటల్లో చేరుతుందో ఇతని ప్రోగ్రాము లెక్కగట్టి చెబుతుంది. నీరు నిండేవరకు ఆగకుండా ముందే కొద్దికొద్దిగా గేట్లు ఎత్తితే దిగువన మూసీ ఒడ్డున ఉన్న బస్తీలకు ఒక్కసారిగా ముప్పు ఉండదు. 2020 అక్టోబరు వరదలప్పుడు ఈ గేట్లు ఎత్తిన రోజులు చూసినవారికి ఈ ఆలోచన విలువ నేను చెప్పనక్కరలేదు.

కాని విలువ వేరు, పేటెంటు వేరు. 3వ సెక్షను 'కె' క్లాజు ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, అల్గారిథం, కంప్యూటరు ప్రోగ్రాము "దానికదే" ఆవిష్కరణలు కావు. ఈ "దానికదే" అన్న మాట 2002 సవరణలో వచ్చింది. 2004 చివరలో తెచ్చిన ఆర్డినెన్సు ఈ నిషేధాన్ని సడలించబోగా, 2005లో పార్లమెంటు ఆ సడలింపును తీసివేసి పాత మాటనే ఉంచింది. అప్పటినుంచి మా శాఖలో సగం వాదన ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతున్నది.

ఇప్పుడు మూడు విధాల క్లెయిములు చూడండి. ఒకటి: "వాన కొలతల నుంచి వచ్చే నీటిని లెక్కించే సూత్రం." ఇది గణితం, నిలవదు. రెండు: "ఆ లెక్కను చేసే కంప్యూటరు ప్రోగ్రాము." ఇది ప్రోగ్రాము దానికదే, నిలవదు. మూడు: "ఎగువ ప్రాంతంలోని వానకొలత సెన్సార్ల నుంచి సంకేతాలు అందుకుని, జలాశయపు మట్టంతో కలిపి లెక్కించి, నిండు మట్టం చేరకముందే, దిగువ నది మోయగల ప్రవాహాన్ని మించకుండా గేట్ల హాయిస్టు మోటార్లను నడిపే గేటు నియంత్రణ పద్ధతి." ఇది వాదించదగినది. ఎందుకంటే లెక్క ఫలితం కాగితం మీద ఆగిపోకుండా బయటి లోకంలో ఒక సాంకేతిక మార్పు తెస్తున్నది.

2019 డిసెంబరులో ఫెరీద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది కూడా ఈ ధోరణిలోనే ఉన్నది. నిషేధం ప్రోగ్రాముకు దానికదే వర్తిస్తుంది గాని, సాంకేతిక ఫలితం చూపే ఆవిష్కరణలో ప్రోగ్రాము ఉన్నంత మాత్రాన కాదు అని ఆ తీర్పు సారాంశం. ఆ దరఖాస్తు మన దేశంలో 2002లో దాఖలైనది. న్యాయం తేలేసరికి ఎన్నేళ్ళు పట్టిందో మీరే లెక్క వేసుకోండి! కంప్యూటరు సంబంధమైన ఆవిష్కరణల పరిశీలనకు పేటెంటు కార్యాలయం మార్గదర్శక సూత్రాలు వెలువరిస్తూ, మారుస్తూ వస్తున్నది. 2025లో కూడా సవరించింది. ఈ శాఖలో పనిచేయదలచినవారు వాటిని ఎప్పటికప్పుడు చదువుకోవలసిందే.

కొందరు విద్యార్థులు "కె" క్లాజును తిట్టుకుంటారు. నేను అట్లా అనుకోను. వాననుంచి వరదను లెక్కించే సూత్రం ఒక్కడి సొత్తయితే, రేపు మరొక ఊరి చెరువు గట్టున కూర్చున్న ఇంజనీరు ఆ లెక్క వేయడానికి అనుమతి అడగవలసి వస్తుంది. లెక్కను అందరికీ వదిలి, ఆ లెక్కతో నడిచే ప్రత్యేకమైన ఏర్పాటును మాత్రమే ఆవిష్కర్తకు ఇవ్వడం ధర్మంగానే ఉన్నది. ఇక ప్రోగ్రాము పాఠానికి కాపీరైటు చట్టం రక్షణ ఎట్లాగూ ఉన్నది.

6. మూడు శాఖలూ ఒక్క యంత్రంలో

ఈ విభజన పాఠం కోసమే. నిజమైన యంత్రంలో మూడూ కలిసే ఉంటాయి. మన ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం గారి లక్ష్మీ ఆసు యంత్రం దీనికి సాక్ష్యం. పోచంపల్లి చీరకు అద్దకానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో తిప్పాలి. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఆ చేయి చేసే పనిని యంత్రానికి అప్పగించాడు. 1999లో యంత్రం నడిచింది. నాలుగైదు గంటల పని సుమారు గంటన్నరకు దిగింది. చెయ్యి కదలికను అనుకరించేది యంత్రశాఖ, దాన్ని నడిపే మోటార్లు విద్యుత్‌శాఖ, ఎన్ని చుట్లు అయ్యాయో చూసి మేకు మార్చే ఎలక్ట్రానిక్ నియంత్రణ మూడవ శాఖ. 2011లో పేటెంటు వచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఏ ఇంజనీరింగు కళాశాలలోనూ చదవలేదు. "ముందున్న దానికీ దీనికీ తేడా ఏమిటి?" అన్న ప్రశ్నకు సమాధానం ఆయన తల్లి భుజం దగ్గర దొరికింది.

అదే పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నేతపద్ధతి తరతరాల ఉమ్మడి సొత్తు కనుక దానికి పేటెంటు పనికిరాదు, భౌగోళిక గుర్తింపే తగినది. ఆసు యంత్రం ఒక వ్యక్తి ఆవిష్కరణ కనుక దానికి పేటెంటు. ఏ వస్తువుకు ఏ హక్కో తేల్చి చెప్పడం కూడా మా వృత్తిలో భాగమే.

7. ఈ వృత్తిలోకి రావాలంటే

పేటెంటు ఏజెంటు కావడానికి న్యాయశాస్త్ర పట్టా తప్పనిసరి కాదు. 126వ సెక్షను ప్రకారం భారత పౌరుడై, 21 ఏళ్ళు నిండి, సైన్సు, ఇంజనీరింగు లేదా టెక్నాలజీలో పట్టా ఉండి, పేటెంటు ఏజెంట్ల పరీక్షలో ఉత్తీర్ణుడు కావాలి. రెండు వ్రాతపరీక్షలు, ఒక వైవా. ఒక పేపరు చట్టానికి, రెండవ పేపరు స్పెసిఫికేషను, క్లెయిములు వ్రాయడానికి. చట్టం బట్టీ పట్టవచ్చు గాని రెండవది అభ్యాసంతోనే వస్తుంది. రోజుకొక వస్తువు తీసుకుని – సైకిలు బెల్లు, ప్రెషరు కుక్కరు విజిలు, ఫ్యాను రెగ్యులేటరు – దానికి ఒకే వాక్యంలో క్లెయిము వ్రాసి, దాన్ని తప్పించుకుని అదే పని చేసే వస్తువును మీరే ఊహించండి. ఊహించగలిగితే మళ్ళీ వ్రాయండి. నేను శిష్యులకు ఇచ్చే అభ్యాసం ఇదే.

దేశంలో పేటెంటు కార్యాలయాలు కలకత్తా, ఢిల్లీ, ముంబయి, చెన్నైలలో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పరిధిలోకి వస్తాయి. దరఖాస్తులు ఆన్‌లైనులో పోతున్నాయి, విచారణలు వీడియో ద్వారా జరుగుతున్నాయి. కనుక శంషాబాదులో కూర్చుని కూడా ఈ వృత్తి చక్కగా చేసుకోవచ్చు.

ఇతర శాఖలు నేర్చుకోవడం ఎట్లా అంటారా? ఆవిష్కర్తే మన గురువు. తెలియనిది తెలియదని చెప్పి అడగడానికి సిగ్గుపడకూడదు. "ఈ భాగం తీసేస్తే ఏమవుతుంది?" అని ఒక్కొక్క భాగం గురించి అడుగుతూ పోతే ఏ శాఖ యంత్రమైనా అరగంటలో తన గుట్టు చెప్పేస్తుంది.

8. ప్రాజెక్టు చేస్తున్నవారికి

ఇక ఈ వ్యాసంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. రెండేళ్ళ కిందట ఒక కళాశాల నుంచి నలుగురు విద్యార్థులు నా దగ్గరకు వచ్చారు. చెరువు తూముకు సొంతంగా కదిలే షట్టరు చేశారు. పని చాలా బాగున్నది. కాని అప్పటికే దాన్ని ఒక ప్రదర్శనలో పెట్టి, లోపలి అమరిక అంతా విప్పి చూపి, వీడియో తీసి ఇంటర్నెట్టులో ఉంచి ఏడాదిన్నర అయింది. వారి వీడియోయే వారి కొత్తదనాన్ని పోగొట్టింది. ముఖాలు చిన్నబుచ్చుకుని వెళ్ళిన ఆ పిల్లలను తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. వారికి ఈ నాలుగు మాటలు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మొదటి మాట: ముందు దాఖలు, తరువాతే ప్రదర్శన. 31వ సెక్షనులో 12 నెలల మినహాయింపు ఉన్నమాట నిజమే. కాని అది కేంద్ర ప్రభుత్వం గెజెటులో ప్రకటించిన ప్రదర్శనలకు, విద్వత్సభల్లో చదివిన పత్రాలకు, అటువంటి కొద్ది సందర్భాలకే. ప్రతి కళాశాల ప్రదర్శనా అందులోకి రాదు.

రెండవ మాట: యంత్రం పూర్తి కాలేదని ఆగవద్దు. తాత్కాలిక స్పెసిఫికేషను దాఖలు చేస్తే తేదీ మీది అవుతుంది. పూర్తి స్పెసిఫికేషనుకు 12 నెలలు వ్యవధి ఉన్నది. విడి వ్యక్తికి ఆన్‌లైను దాఖలు రుసుము 1,600 రూపాయలే. విద్యాసంస్థలకు 2021 నుంచి రుసుముల్లో 80 శాతం తగ్గింపు ఇస్తున్నారు. అయితే దాఖలుతోనే పని అయిపోదు. పరిశీలన కోరుతూ 31 నెలల లోపు విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2024 నిబంధనల ప్రకారం ఇది. మరచిపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్లే.

మూడవ మాట: ఎవరి పేరు పెట్టాలో మొదటే తేల్చుకోండి. ఆలోచన ఇచ్చినవాడు ఆవిష్కర్త. టైపు చేసినవాడు, డబ్బు పెట్టినవాడు, శాఖాధిపతి – ఆ హోదా వల్లనే ఆవిష్కర్తలు కారు. కళాశాలకు హక్కు చెందాలంటే వ్రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. స్నేహితుల మధ్య మాట చెడేది ఇక్కడే.

నాలుగవ మాట: విదేశాల్లో నేరుగా దాఖలు చేయవద్దు. ఇక్కడ నివసించేవారు ముందుగా అనుమతి పొందాలి, లేదా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి అని 39వ సెక్షను. కాదని పోతే శిక్షకు గురికావలసి వస్తుంది.

విద్యార్థి మిత్రులారా, ప్రతి ప్రాజెక్టుకూ పేటెంటు తీసుకోమని నేను చెప్పడం లేదు. పది ప్రాజెక్టులు వస్తే ఏడింటిని నేనే వద్దని తిప్పి పంపుతాను. అందరికీ ఉచితంగా ఇవ్వాలనుకుంటే అదీ గొప్ప పనే. కాని ఇవ్వడమైనా, ఉంచుకోవడమైనా తెలిసి చేయాలి, తెలియక పోగొట్టుకోకూడదు. మీ ప్రయోగశాలలో గేటు మొదటిసారి తనంతట తాను లేచిన రోజున, ఫోనులో వీడియో తీయడానికి ముందు ఒక్క పావుగంట కూర్చుని, ముందున్న దానికీ దీనికీ తేడా ఏమిటో ఒక కాగితం మీద వ్రాసి తేదీ వేసుకోండి. ఆ కాగితం ఒక్కటి తెచ్చుకుంటే, మీది ఏ శాఖ అయినా, మిగతా పని మావంటి వాళ్ళం చూసుకుంటాం.